ముందు ఎడమ టైరుతో ఎనిమిది రోజులు: ఒక ప్రెషర్ డైరీ

మొదటి రోజు

వచ్చే వారం ఆన్‌లైన్ లీగ్‌లో 60 నిమిషాల రేసు ఉంది. గేమ్ అసెట్టో కోర్సా కాంపిటీజియోనె, ట్రాక్ బార్సిలోనా, కారు బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3 (జీటీ3 అంటే రోడ్డు కార్ల నుంచి తయారయ్యే రేసు కార్ల తరగతి). పోయిన రేసులో మొదటి పది నిమిషాలు బాగానే లాగాను. ఆ తర్వాత ల్యాప్‌కి అర సెకను చొప్పున పోగొట్టుకుంటూ పదిహేడో స్థానంలో తేలాను. రీప్లే చూస్తే సగం రేసయ్యేసరికి టైర్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఈ గేమ్‌లో టైరు చల్లగా ఉంటే నీలం, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, మితిమీరి వేడెక్కితే ఎరుపు.

అందుకే ఈసారి ల్యాప్ టైమ్ జోలికి పోదలచుకోలేదు. ఒకటే పని పెట్టుకున్నాను. మూడో నాలుగో ల్యాప్ నుంచి చివరి ల్యాప్ దాకా నాలుగు టైర్ల ప్రెషరూ హద్దులో ఉండాలి. ఇది జీటీ వరల్డ్ ఛాలెంజ్ అనే నిజం రేసుల సిరీస్‌కి అధికారిక గేమ్ కాబట్టి జీటీ3 కార్లన్నిటికీ పిరెల్లి టైర్లే. పొడి ట్రాక్‌కి ఒకే రకం. మెత్తటిదా గట్టిదా అని ఎంచుకునే గొడవ లేదు. అందరి కింద ఉండేదీ అదే రబ్బరు, తేడా అంతా అందులో ఎంత గాలి ఉంది, అది ఎంత వేడెక్కింది అన్న దానిలోనే.

నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది. అందులో పెద్ద అక్షరాలతో "వేడెక్కాక 27.5" అని రాసుకున్నాను (ప్రెషర్ అంకెలన్నీ పీఎస్ఐలో, గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్ అది). పోయిన రేసూ ఆ అంకెతోనే ఆడాను. ఇవాళ కూడా అక్కడే మొదలుపెట్టాను. గంటసేపు తిప్పితే 27.5కి నాలుగు టైర్లూ చక్కగా వచ్చాయి కానీ కారు మాత్రం నూనె మీద నడిచినట్టు ఉంది. మలుపులో ముక్కు తిరగదు, బయటికొచ్చేటప్పుడు వెనక భాగం జారుతుంది. ల్యాప్ 1:47.9.

స్టీరింగ్‌నీ డ్యాంపర్లనీ (షాక్ అబ్జార్బర్లని) అనుమానించి, వెనక రెక్కను కూడా రెండు మెట్లు పెంచి చూశాక అప్పుడు తట్టింది, ఆ నోట్‌బుక్ ఎప్పటిదో అని. 27.3 నుంచి 27.8 దాకా మంచి హద్దు అన్నది పాత వెర్షన్ల మాట. 2023లో 1.9 వెర్షన్‌తో టైరు మోడల్ మారింది. అప్పటి నుంచి జీటీ3 పొడి టైరుకి మంచి హద్దు 26.0 నుంచి 27.0. అంటే పోయిన రేసంతా నేను మొదటి ల్యాప్ నుంచే ఒక పీఎస్ఐ ఎక్కువ గాలితో తోలాను. వెనక రెక్కను తిరిగి రెండు మెట్లు దించి పడుకున్నాను.

రెండో రోజు

కొత్త పేజీ. గురి 26.5. హద్దుకి సరిగ్గా మధ్యలో పెట్టుకుంటే అటూ ఇటూ అర పీఎస్ఐ జారినా పర్లేదు.

ఒంటరి సెషన్ పెట్టి గాలి ఉష్ణోగ్రత 24 డిగ్రీలకి ఆపేశాను. వాతావరణం మారకుండా చేశాను. ఇంధనం 20 లీటర్లు. నాలుగు టైర్లకీ 23.6 పెట్టి బయల్దేరాను. సెటప్‌లో మనం పెట్టేది చల్లటి ప్రెషర్, కావలసింది వేడెక్కాక వచ్చే ప్రెషర్. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా పట్టుకోవడమే పనంతా.

ఆరు ల్యాప్‌ల తర్వాత చూస్తే ముందు ఎడమ 27.6, ముందు కుడి 26.1, వెనక ఎడమ 27.0, వెనక కుడి 26.2. బార్సిలోనా గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరిగే ట్రాక్, కుడి మలుపులే ఎక్కువ. కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. అందులోనూ మూడో మలుపు పొడవాటి కుడి మలుపు, ఎంత తిప్పినా అయిపోదు. తొమ్మిదోది ఇంకా వేగంగా వెళ్లే కుడి మలుపు. నిజం రేసుల్లో కూడా బార్సిలోనా అనగానే ముందు ఎడమ టైరు గురించే మాట్లాడుకుంటారు. పైగా ఎం4కి ఇంజిన్ ముందుంది.

ప్రెషర్ ఎక్కడ చదవాలన్నది కూడా ఇవాళే తేల్చుకున్నాను. మొదట ఎక్కడ పడితే అక్కడ చూసి రాసుకున్నాను. మూడో మలుపు దాటగానే చూస్తే ఒక అంకె, పొడవాటి మెయిన్ స్ట్రెయిట్ చివర చూస్తే 0.2 తక్కువ. అందుకని ప్రతి ల్యాప్‌లోనూ స్టార్ట్ ఫినిష్ గీత దాటగానే చదవాలని పెట్టుకున్నాను. ఏ చోటైనా పర్లేదు, మారకుండా ఉంటే చాలు.

లెక్క చూసుకుని ముందు ఎడమ 1.1 తగ్గించి 22.5 చేశాను. ముందు కుడి 24.0, వెనక ఎడమ 23.1, వెనక కుడి 23.9. మళ్లీ ఆరు ల్యాప్‌లు. మూడు టైర్లు 26.5 దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. ముందు ఎడమ మాత్రం 26.7. 1.1 తీస్తే 0.9 మాత్రమే తగ్గింది. అప్పటికి దాన్ని పట్టించుకోలేదు. ల్యాప్ 1:46.6 వచ్చింది. నిన్నటికన్నా 1.3 సెకన్లు తక్కువ, అదీ గాలి మార్చి తెచ్చుకున్నది. ఆ సంతోషంలో 0.2 ఏ మూలకి?

మూడో రోజు

ఇవాళ తోలింది తక్కువ, చూసింది ఎక్కువ. ఈ గేమ్‌లో సెటప్‌లోని ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ ల్యాప్‌లు ఎన్ని కావాలో చెబితే, ఆ డేటాను మోటెక్ అనే సాఫ్ట్‌వేర్ చదివే ఫైలుగా దాచిపెడుతుంది. నిజం రేసు టీమ్‌లు వాడే సాఫ్ట్‌వేర్ అది. స్టీరింగ్ కోణం, బ్రేకు, వేగం, ఒక్కో టైరు ప్రెషర్, టైరు లోపలి గాలి ఉష్ణోగ్రత అన్నీ గీతలుగా కనిపిస్తాయి.

నాకు కావలసింది చివరి రెండు గీతలు. నిన్నటి మొదటి రన్‌లో ముందు ఎడమ టైరు లోపలి గాలి 74 డిగ్రీలున్నప్పుడు ప్రెషర్ 26.0, అదే 84 డిగ్రీలకి 27.2. స్కూల్లో చదువుకున్న వాయు నియమం గుర్తొచ్చింది. ఘనపరిమాణం మారకపోతే పీడనం ఉష్ణోగ్రతకి అనుపాతంలో పెరుగుతుంది. కాకపోతే రెండు మెలికలున్నాయి. ఉష్ణోగ్రతని కెల్విన్‌లో తీసుకోవాలి, అంటే 273 కలపాలి. టైరు ప్రెషర్ అని మనం చూసేది బయటి వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువో మాత్రమే, కాబట్టి దానికి 14.7 కలపాలి.

26.0కి 14.7 కలిపితే 40.7. దాన్ని 347తో భాగించి 357తో గుణిస్తే 41.87. మళ్లీ 14.7 తీసేస్తే 27.17. గేమ్ చూపించింది 27.2.

కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. టైరు లోపల ఒక డిగ్రీ పెరిగితే ప్రెషర్ దాదాపు 0.12 పెరుగుతుందన్నమాట. అంటే హద్దు మొత్తం, 26.0 నుంచి 27.0 దాకా, లోపలి గాలిలో ఎనిమిది తొమ్మిది డిగ్రీల తేడా మాత్రమే. టైరుకి 70 నుంచి 100 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదని నేను ధీమాగా ఉండేవాణ్ణి. రబ్బరుకి పర్లేదేమో, దాని లోపలి గాలికి అంత ఓపిక లేదు.

గాలి ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో కూడా ఇక్కడే రాసుకుంటున్నాను, మళ్లీ మర్చిపోకుండా. ఎక్కువైతే టైరు ఉబ్బి నేలకి ఆనే భాగం చిన్నదవుతుంది, పట్టు పోతుంది, జారుతుంది. జారితే ఒరిపిడికి వేడి పుడుతుంది, వేడికి ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. తక్కువైతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడతపడతాయి, ఆ మడతల్లో రబ్బరు లోపల్నుంచి వేడెక్కుతుంది, స్టీరింగ్ తిప్పినా కారు ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. అంటే గాలి తీసేసిన టైరు తనంతట తనే వేడెక్కి, తీసిన దానిలో కొంత మళ్లీ తెచ్చుకుంటుంది. నిన్న 1.1 తీస్తే 0.9 మాత్రమే తగ్గడానికి కారణం ఇదే అనుకున్నాను. సగమే నిజమని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు

16 ల్యాప్‌ల పొడవాటి రన్. ఇవాళ రాసుకోవడానికి చాలా ఉంది, ఒక్కటీ సంతోషం కలిగించేది కాదు.

నాలుగో ల్యాప్‌లో ముందు ఎడమ 26.4. ఆరో ల్యాప్‌లో 26.7. పదో ల్యాప్‌లో 27.1. పదహారో ల్యాప్‌కి 27.5, గుర్తు ఎరుపు. మిగతా మూడు టైర్లు రన్ పొడుగునా 0.2 కన్నా కదల్లేదు. ఆరు ల్యాప్‌లు చూసి అంతా సర్దుకుందనుకోవడం ఎంత తొందరపాటో అర్థమైంది. టైరు పైపొర రెండు మలుపుల్లో వేడెక్కి రెండు మలుపుల్లో చల్లారుతుంది. లోపలి భాగం మాత్రం నింపాదిగా ఎక్కుతుంది, ఎక్కింది దిగదు.

సరే, అసలే తగ్గించి మొదలుపెడదామని చల్లటి ప్రెషర్ 22.0 చేశాను. నాలుగో ల్యాప్‌లో 25.8. మొదటి మలుపులో కారు బద్ధకంగా తిరిగింది. పదహారో ల్యాప్‌కి చూస్తే 27.2! అర పీఎస్ఐ తీస్తే చివర్లో తగ్గింది 0.3. మొదట్లో పట్టు లేదు, చివర్లోనూ లేదు. రెండు వైపులా నష్టపోయే సెటప్ కనిపెట్టిన ఘనత నాదే.

తర్వాత బ్రేక్ డక్ట్. బ్రేకులకి గాలి తగిలించే సందు అది. ఎక్కువ తెరిస్తే డిస్కులు చల్లగా ఉంటాయి, డిస్కు వేడి చక్రానికి, చక్రం నుంచి టైరు లోపలి గాలికి చేరడం తగ్గుతుంది. ముందు డక్ట్ 2 నుంచి 4 చేశాను. ముందు ఎడమ 0.3 తగ్గింది. బాగుంది, కానీ ముందు కుడి కూడా 0.3 తగ్గింది. డక్ట్ రెండు చక్రాలకీ కలిపే మారుతుంది. కుడి వైపు మళ్లీ గాలి పెంచాలి. పైగా మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటి మలుపుకి బ్రేకు తొక్కితే, చల్లారిన డిస్కులు మొదటి క్షణం పట్టలేదు, రెండుసార్లు ట్రాక్ బయటికి పోయాను. మళ్లీ 2కి తెచ్చాను.

కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందో ఆ కోణం) అర డిగ్రీ తగ్గించాను. టైరు లోపలి అంచుకీ బయటి అంచుకీ మధ్య వేడి తేడా తగ్గింది, మొత్తం వేడి మాత్రం అంతే ఉంది. మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని, ముందు యాంటీ రోల్ బార్‌ని, రెండు మెట్లు మెత్తబరిచాను. 0.1 తగ్గింది, కానీ తొమ్మిదో మలుపులో కారు ఊగడం మొదలుపెట్టింది. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కాస్త మార్చాను, ఏమీ కాలేదు. మొత్తం ఏడు రన్‌లు, నాలుగున్నర గంటలు. నోట్‌బుక్‌లో చివరి గీత "ముందు ఎడమ 27.4". దాని కింద ఇంకేదో కూడా రాశాను కానీ ఇక్కడ రాయలేను.

అయిదో రోజు

ఇవాళ తమ్ముడు వచ్చాడు. వాడు ఈ గేమ్ నాకన్నా తక్కువే ఆడాడు, కానీ చెయ్యి నెమ్మది. టైర్ల గురించి నేను చెబుతున్నదంతా విని, "ఒకసారి నేను తోలనా అన్నా?" అన్నాడు. అదే సెటప్, 24 డిగ్రీలు, 20 లీటర్లు, ముందు ఎడమ 22.5. సీటు ముందుకి జరుపుకుని కూర్చున్నాడు.

పన్నెండు ల్యాప్‌లు తోలాడు. ముందు ఎడమ ఆరో ల్యాప్‌లో 26.0. పన్నెండో ల్యాప్‌లో 26.1. ఆకుపచ్చ రంగు మారలేదు. గేమ్ ఏదో తప్పు చూపిస్తోందనుకున్నాను. వాడి మంచి ల్యాప్ 1:46.0. ఎర్రటి టైరుతో కిందా మీదా పడి నేను సాధించిన 1:46.6 కన్నా 0.6 సెకన్లు తక్కువ.

"నువ్వు కారుతో కుస్తీ పడుతున్నావన్నా. మూడో మలుపులో ముక్కు తిరగట్లేదని ఇంకా తిప్పుతున్నావు. అది తిరగనంటే ఇంకాస్త తిప్పుతున్నావు. వెనక నిలబడి చూస్తుంటే నాకే భుజాలు లాగుతున్నాయి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నాలుగు రోజులుగా డక్ట్‌లనీ కాంబర్‌నీ తిడుతున్నాను. వాడి ఫైలు, నా ఫైలు మోటెక్‌లో ఒకదాని మీద ఒకటి పరిచాను. మూడో మలుపులో వాడి స్టీరింగ్ 55 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే దాదాపు సరళరేఖలా నిలబడింది. నాది 60 దాటి, 70కి ఎక్కి, మలుపు మధ్యలో 78 తాకి, రంపం పళ్లలా కిందికీ పైకీ ఆడుతోంది. ఇంత తిప్పినా మలుపు నుంచి బయటపడేటప్పుడు నా వేగం వాడికన్నా గంటకి 4 కిలోమీటర్లు తక్కువ. నాలుగో మలుపులో, తొమ్మిదిలో, పన్నెండులో కూడా అదే కథ, కాస్త చిన్నగా.

కారణం కొత్తదేమీ కాదు, తెలిసిందే. టైరు ఏ దిక్కుకి చూస్తుందో, నిజంగా ఏ దిక్కుకి పోతుందో, ఆ రెండింటి మధ్య కోణం కొంచెం పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఎంత పెంచినా పట్టు పెరగదు, తగ్గుతుంది. అక్కణ్ణుంచి చేతులు పెట్టే శ్రమంతా ఒరిపిడిగా మారి రబ్బరుని కాలుస్తుంది. నేను హద్దు దాటి 20 డిగ్రీల అవతల కాపురం పెట్టాను. ప్రతి ల్యాప్‌లో నాలుగు మలుపుల్లో, ఒక్కోదానిలో కొన్ని సెకన్ల పాటు, ముందు ఎడమ టైరుని ఆకురాయి మీద పెట్టినట్టు అరగదీస్తున్నాను. ఏ డక్ట్ తెరిస్తే అది చల్లారుతుంది?

రెండో రోజు కనపడకుండా పోయిన 0.2, నాలుగో రోజు అర పీఎస్ఐ తీసినా దిగని ప్రెషర్ కూడా ఇందులోంచే వచ్చాయి. గాలి తగ్గించినప్పుడల్లా కారు ఆలస్యంగా తిరుగుతోంది. ఆలస్యంగా తిరిగినప్పుడల్లా నేను ఇంకా ఎక్కువ తిప్పుతున్నాను.

వెళ్తూ వెళ్తూ తమ్ముడు, "టైరు బానే ఉందిలే అన్నా," అని నవ్వాడు. సీటు మాత్రం వెనక్కి జరపలేదు.

ఆరో రోజు

చేతికి అలవాటు మాన్పించడం సెటప్‌లో అంకె మార్చినంత తేలిక కాదు. మొదటి పది ల్యాప్‌లు "తిప్పకు, తిప్పకు" అని గొణుక్కుంటూ తోలాను. మూడో మలుపు రాగానే చెయ్యి మాట వినలేదు.

అప్పుడు ఇన్సులేషన్ టేప్ తీశాను. స్టీరింగ్ రిమ్ పైన సరిగ్గా మధ్యలో ఒక పసుపు ముక్క. దాని వెనక ఉన్న మోటారు పెట్టె మీద, కుడి వైపు 60 డిగ్రీల దగ్గర ఇంకో ముక్క. మలుపులో పైనున్న టేప్ ముక్క కింది దాన్ని దాటకూడదు. దాటాల్సి వస్తోందంటే స్టీరింగ్ తక్కువై కాదు, మలుపులోకి వేగంగా వచ్చానని అర్థం. అలాంటప్పుడు తిప్పడం మాని యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలికపరచాలి. అప్పుడు బరువు ముందుకి వచ్చి ముందు టైర్లకి పట్టు దొరుకుతుంది, ముక్కు తనంతట తనే లోపలికి వస్తుంది.

మొదట్లో నిదానంగా పోతున్నట్టు అనిపించింది. మలుపులో ఏమీ చేయకుండా ఆగి ఉండటం చాలా కష్టం. ఖాళీగా కూర్చున్నట్టు ఉంటుంది. కానీ గడియారం వేరే మాట చెప్పింది. పద్నాలుగో ల్యాప్‌కి 1:46.2, ఇరవయ్యో ల్యాప్‌కి 1:45.8. టేప్ అంటించాక మూడో మలుపులో నా గీత 63 దగ్గర ఆగుతోంది. రంపం పళ్లు ఇంకా ఉన్నాయి, కాకపోతే చిన్నవి.

22.5తో ముందు ఎడమ 26.1 దగ్గర నిలబడింది. ఇప్పుడది తక్కువ! నాలుగు రోజులు దించడానికి తంటాలు పడ్డ టైరుకి ఇవాళ గాలి కొట్టాల్సి వచ్చింది. 0.4 పెంచి 22.9 చేస్తే 26.5. కాంబర్‌నీ యాంటీ రోల్ బార్‌నీ మొదట ఉన్న చోటికి తెచ్చేశాను.

ఒక మాట. ఇక్కడ రాసిన చల్లటి అంకెలు నావి, నా చేతులవి. తమ్ముడు ఇవే పెట్టుకుంటే వాడికి 0.1, 0.2 అటూ ఇటూ అవుతుంది. ఎవరైనా వేగంగా తోలేవాళ్ల సెటప్ ఫైలు తెచ్చుకుని ప్రెషర్‌తో సహా అలాగే వాడేస్తుంటారు, నేనూ వాడాను. మిగతావన్నీ అలాగే ఉంచుకున్నా పర్లేదు, ప్రెషర్ మాత్రం ఎవరికి వాళ్లు కొలుచుకోవాల్సిందే.

ఏడో రోజు

వాతావరణం పట్టిక. అదే సెటప్‌తో 18, 24, 30 డిగ్రీల గాలిలో ఒక్కోటి పది ల్యాప్‌లు. ముందు ఎడమ వరసగా 25.9, 26.5, 27.2. అంటే బయటి గాలి ఒక డిగ్రీ మారితే వేడి ప్రెషర్ దాదాపు 0.1 మారుతుంది. ఆడేవాళ్లంతా చెప్పుకునే లెక్క కూడా ఇదే. 30 డిగ్రీలప్పుడు కాస్త ఎక్కువ పెరిగింది, ఎందుకంటే ఎండకి ట్రాక్ బాగా కాలి కారు ఎక్కువ జారింది.

తర్వాత ఇంధనం. ప్రాక్టీసులో 20 లీటర్లు, రేసు మొదట్లో ట్యాంకులో దాదాపు 100 ఉంటుంది. 80 లీటర్ల తేడా అంటే సుమారు 60 కిలోల బరువు. 24 డిగ్రీల్లో 100 లీటర్లతో తోలితే నాలుగు టైర్లూ 0.2 దాకా పెరిగాయి. మిగతా సాయంత్రం స్టార్ట్ ప్రాక్టీస్ చేశాను, రాసుకునేంత విషయం లేదు.

ఎనిమిదో రోజు

సర్వర్‌లో గాలి 21 డిగ్రీలు, ఆకాశంలో సగం మబ్బులు. 24 కన్నా 3 డిగ్రీలు తక్కువ కాబట్టి 0.3 పెంచాలి. ట్యాంకు నిండుగా ఉంది కాబట్టి 0.2 తగ్గించాలి. మొత్తం మీద 0.1 పెంచాను. ముందు ఎడమ 23.0, ముందు కుడి 24.1, వెనక ఎడమ 23.2, వెనక కుడి 24.0.

పదకొండో స్థానం నుంచి మొదలు. గ్యారేజీ నుంచి వెచ్చగానే వచ్చినా, ఫార్మేషన్ ల్యాప్ (రేసు మొదలవ్వడానికి ముందు అందరూ వరసగా వేసే నిదానపు చుట్టు) నిదానానికి టైర్లు చల్లారతాయి. అటూ ఇటూ ఊపుతూ, మధ్య మధ్యలో బ్రేకు తొక్కుతూ తెచ్చాను. మొదటి రెండు ల్యాప్‌లు నా పక్కనుంచి వెళ్లినవాళ్లని వెళ్లనిచ్చాను. నాలుగో ల్యాప్‌కి నాలుగు టైర్లూ 26.3కి పైన. అయిదో ల్యాప్ నుంచి ముందున్నవాళ్లు ఒక్కొక్కళ్లే వెనక్కి రావడం మొదలైంది.

పదో ల్యాప్ నుంచి ఒక ఫెరారీ వెనక ఇరుక్కున్నాను. ముందు కారు చీల్చిన గాలిలో ముక్కు మీద ఒత్తిడి తగ్గి ముందు టైర్లు జారతాయి. మూడు ల్యాప్‌లకి ముందు ఎడమ 27.0. టేప్ ముక్క కింది గుర్తుని దాటడం నేనే చూశాను. ఒక ల్యాప్ పాటు మూడో మలుపులోనూ తొమ్మిదిలోనూ ఒక సెకను దూరం వదిలి వెళ్లాను. 26.8కి దిగింది. తర్వాతి ల్యాప్‌లో మొదటి మలుపు బ్రేకింగ్‌లో వాణ్ణి దాటాను. నిజం చెప్పాలంటే రేసు మొత్తంలో నాకు నచ్చిన ల్యాప్ దాటినది కాదు, వదిలినది.

తొమ్మిదో స్థానంలో ఉండగా పిట్ స్టాప్. లీగ్ నియమం ప్రకారం టైర్లు మార్చి తీరాలి. కొత్త టైర్లతో బయటికొచ్చి మూడు ల్యాప్‌లు తోలాక ప్రెషర్ చూస్తే నాలుగూ 28 దగ్గర!

పిట్‌లో వేసే టైర్ల ప్రెషర్ సెటప్‌లోని ఇంధనం, వ్యూహం పేజీలో విడిగా పెట్టుకోవాలి. టైర్ల పేజీలో వారం రోజులుగా నేను చెక్కిన అంకెలకీ దానికీ సంబంధం లేదు. అక్కడ మొదటి రోజు పెట్టిన పాత అంకెలు అలాగే ఉన్నాయి, ఆ పేజీ నేను తెరవనే లేదు. పిట్‌కి వచ్చే ముందు తోలుతూనే స్క్రీన్ మీద మార్చుకునే వీలు కూడా ఉంది. నేను ఆ సమయంలో ఫెరారీని దాటిన సంగతి తల్చుకుంటూ మురిసిపోతున్నాను.

మిగిలిన 25 నిమిషాలూ అదే నూనె మీద నడక. టేప్ గుర్తుకి 5 డిగ్రీల ముందే చెయ్యి ఆపి, టైరుని ఎంత చల్లగా ఉంచగలనో అంత చల్లగా ఉంచాను. 28.1 దాటనివ్వలేదు. తొమ్మిది నుంచి పదమూడుకి పడి, చివరి ల్యాప్‌లో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకోవడంతో పదకొండులో ముగిసింది. మొదలుపెట్టిన చోటే.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "పాత నోట్‌బుక్ పారేయలేదా అన్నా ఇంకా?" అన్నాడు.

పారేయలేదు. మొదటి పేజీలో 27.5 కొట్టేసి, దాని కింద "పిట్ ప్రెషర్ కూడా మార్చు" అని రాశాను. వచ్చే రేసు ఇమోలాలో. అది ఎదురు దిక్కున తిరిగే ట్రాక్, ఎడమ మలుపులు ఎక్కువ, ఈసారి వంతు ముందు కుడి టైరుది. మోటారు పెట్టె మీది టేప్ ముక్కని పీకి ఎడమ వైపు అంటించాను.